సినిమాకు ముందొచ్చే ఖౌఫ్

దయ్యాల సినిమాలు చూసి జ్వరం తెచ్చుకున్నవాళ్లు మా దోస్తుల్లో చాలామందే ఉన్నారు. నాకు మాత్రం వాటితో పెద్దగా పేచీ లేదు. దయ్యం ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతుంది కదా. గాలి వీస్తుంది, కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి, కుక్క ఏడుస్తుంది. ఇంతా చేసి వచ్చేది ఒక తెల్లచీర. నాకు అసలైన ఖౌఫ్ పుట్టించింది సినిమా కాదు, సినిమాకు ముందొచ్చే ఆ ఇరవై సెకన్లు. కంపెనీ బొమ్మ. ఇప్పటివాళ్లు లోగో అంటున్నారే, అది.

మీకూ గుర్తుండే ఉంటుంది. హాల్లో లైట్లు ఒక్కొక్కటే పోతాయి. నేల క్లాసులో బీడీ నిప్పులు మాత్రం అక్కడక్కడా మిగుల్తాయి. పర్దా మీద సెన్సార్ సర్టిఫికెట్ వణుకుతూ నిలబడుతుంది. చదవడం వచ్చిన పిల్లలు రీళ్ల లెక్క పైకి చదువుతారు. పద్దెనిమిది అంటే ఖుషీ, పన్నెండు అంటే పైసలు దండగ. ఆ తర్వాత ఒక్క క్షణం ఖామోషీ. అదీ పూర్తి ఖామోషీ కాదు, పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపట. ఆ అంధేరాలోంచి ఒక విగ్రహమో, జెండానో, బూర పట్టుకున్న మనిషో మెల్లగా పైకి తేలుతుంది. దాని వెనకే బాజా. ఆ బాజా నీళ్ల అడుగు నుంచి వినిపించినట్టు సాగుతుంది, వణుకుతుంది, మధ్యలో ఒక ముక్క మింగేసి ముందుకు దూకుతుంది. అప్పటికి నా మొహం అమ్మీ కొంగులో ఉండేది. హీరో పేరు పడిందని తెలిశాకే బయటికి తీసేవాణ్ణి.

పెద్దయ్యాక ఆరా తీస్తే ఇది నా ఒక్కడి బీమారీ కాదని తెలిసింది. చాలామందికి ఉంది. బయటికి చెప్పుకోరు, అంతే. పులికి భయపడ్డానని చెప్పుకోవచ్చు, పామంటే దడ అని చెప్పుకోవచ్చు. కంపెనీ బొమ్మకు భయపడ్డానంటే నవ్వుతారు. నవ్వినా సరే, ఆ దహషత్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇవాళ తేల్చుకుందామని కూర్చున్నాను.

మా నానీ ఇల్లు టూరింగ్ టాకీసు వెనక సందులో ఉండేది. టూరింగ్ టాకీసంటే చుట్టూ తడికలు, పైన డేరా. బొమ్మకు అడ్డం ఉంది గానీ ఆవాజ్‌కి ఏ అడ్డమూ లేదు. హాల్లో ఎంత వినిపిస్తుందో నానీ బావర్చీఖానాలోనూ అంతే. నానీ జిందగీలో ఒక్క సినిమా చూడలేదు. చూడనని ఒట్టేమీ పెట్టుకోలేదు, అలా గడిచిపోయింది. మగ్రిబ్ తర్వాత ఫస్ట్ షో, ఇషా తర్వాత సెకండ్ షో. నమాజ్ ముగించి తస్బీ తిప్పుతూ కూర్చుంటే గోడవతల బాజా షురూ అయ్యేది. ఆ బాజాను బట్టి కంపెనీ ఏదో చెప్పేసేది. "ఇది బూర పోరగాళ్లది." "ఇది కోతిజెండా వాళ్లది." "ఇది శంఖం వాళ్లది." బొమ్మలో ఏముంటుందో మేం పిల్లలం చూసొచ్చి చెబితే, దాన్ని ఆవాజ్‌కి జోడించి యాదిలో పెట్టుకునేది.

విచిత్రం ఏంటంటే నానీకి ఏనాడూ భయం వేయలేదు. నాకూ నానీ ఇంట్లో కూర్చుని వింటే భయం వేసేది కాదు. పొద్దున పోస్టర్ మీద అదే బొమ్మ చూసినా ఏమీ అనిపించేది కాదు. ఆవాజ్ ఒక్కటే అయితే సంగీతం, తస్వీర్ ఒక్కటే అయితే కాగితం. రెండూ కలిసి చీకట్లో ఎదురుగా నిలబడితేనే గుండె జారేది.

ఆ జారడానికి నా వరకు ఒక సబబు ఉంది. సాయంత్రాలు మేం మసీదులో అరబ్బీ చదువుకోడానికి పోయేవాళ్లం. హజ్రత్ సబక్ అయిపోయాక కిస్సాలు చెప్పేవారు. వాటిలో ఇస్రాఫీల్ కిస్సా ఒకటి. ఆ ఫరిష్తా నోటి దగ్గర సూర్ పట్టుకుని, అల్లా హుకుం కోసం కాచుకుని నిలబడి ఉన్నాడట. మొదటిసారి ఊదితే దునియా మొత్తం ఫనా. రెండోసారి ఊదితే చచ్చిపోయినవాళ్లంతా ఖబర్లలోంచి లేచి నిలబడతారు. కొమ్ము నోటి దగ్గర పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు అనే మాట దగ్గర హజ్రత్ ఒకసారి ఆగి మా మొహాలు చూసేవారు. మేం ఊపిరి బిగబట్టేవాళ్లం.

అలాంటి సాయంత్రం పూట మసీదు నుంచి నేరుగా సినిమాకు పోతే పర్దా మీద ఏముంది? జెమినీ వాళ్ల బొమ్మ. ఒంటి మీద గుడ్డల్లేని ఇద్దరు పసిపిల్లలు బూరలు ఊదుతూ ఉంటారు. ఎస్.ఎస్.వాసన్ కంపెనీ అది. 1942లో మన తెలుగులో 'బాలనాగమ్మ' తీసిందీ, 1948లో 'చంద్రలేఖ'తో దేశమంతా నగారా మోగించిందీ వాళ్లే. పెద్దవాళ్లకు ఆ పిల్లలు ముద్దుగా కనిపించి ఉంటారు. నాకు మాత్రం ఇస్రాఫీల్ ఒక్కడు చాలడని ఇద్దర్ని పంపినట్టు ఉండేది.

ఆ తర్వాత గమనిస్తే మన పాత కంపెనీ బొమ్మల్లో ఊదేవాళ్లే ఎక్కువ. 1929లో కొల్హాపూర్‌లో పుట్టి 1933లో పుణెకి మకాం మార్చిన ప్రభాత్ కంపెనీ బొమ్మలో ఒక ఆడమనిషి నడుము వెనక్కి వంచి తుతారీ ఊదుతుంది. తుతారీ అంటే మరాఠీవాళ్ల కొమ్ము, పెళ్లిళ్లకూ జాతర్లకూ ఊదేది. ప్రభాత్ అంటే పొద్దుపొడుపు కాబట్టి ఆమె లోకాన్ని నిద్ర లేపుతోందని అర్థం. దూరదర్శన్‌లో పాత మరాఠీ సినిమా వేసినప్పుడు మొదటిసారి చూశాను. అప్పటికి మీసాలు వచ్చాయి నాకు, అయినా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఇక మన వైజయంతీ మూవీస్ వాళ్లది కృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ శంఖం పూరించే బొమ్మ. తుతారీ, బూర, శంఖం. పేర్లు వేరు, పని ఒకటే. ఏదో మొదలవబోతోంది, నీ సంగతులు పక్కన పెట్టు అని హుకుం.

హజ్రత్ చెప్పిన రెండు ఊదుళ్లూ సినిమా హాల్లో అక్షరాలా జరిగేవి. మొదటి ఊదుడుకి మన దునియా మాయమైపోతుంది. ఇంట్లో అప్పులు, రేపటి లెక్కల పరీక్ష, పక్కన కూర్చున్న అమ్మీ, అన్నీ చీకట్లో ఖతం. రెండో ఊదుడుకి చచ్చిపోయినవాళ్లు లేచొస్తారు. మేం డేరా హాల్లో చూసినవన్నీ పాత సినిమాలు. అందులో పాడుతున్నవాళ్లూ ఏడుస్తున్నవాళ్లూ సగం మంది అప్పటికే మట్టిలో ఉన్నవాళ్లే. పిల్లవాడికి ఈ లెక్క తెలియదు. కానీ పెద్దవాళ్లు మాట్లాడుకోవడం వినబడుతుంది కదా, పాపం ఈమె పోయింది, పాపం వీడు తాగి చచ్చాడు అని. ఆ మాటలు చెవిలో పడ్డవాడికి ఆ బూర ఉత్త బూర కాదు.

మా మామూ అదే టాకీసులో ఆపరేటర్. తర్వాత పక్కా హాలు కట్టాక అక్కడికి మారాడు. ఆయనకు నా సూర్ కహానీ చెబితే పడి పడి నవ్వి, "అరే బేటా, అది ఇస్రాఫీల్ కాదురా, ఫస్ట్ రీలు" అన్నాడు. అప్పుడాయన చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ యాది.

రీలు ఎక్కడ అరుగుతుంది? మొదట్లో, చివర్లో. ప్రతి ఆటకూ ఆపరేటర్ రీలు మొన పట్టుకుని పళ్లచక్రాల మధ్యనుంచి దూర్చి, బిగించి, నడిపించాలి. చేతులకు నూనె ఉంటుంది, చెమట ఉంటుంది, నేల మీద దుమ్ము ఉంటుంది. అన్నీ ఆ మొదటి కొన్ని అడుగుల మీదే పడతాయి. 35 ఎం.ఎం. ఫిలిం సెకనుకు అడుగున్నర నడుస్తుంది. ఇరవై సెకన్ల కంపెనీ బొమ్మ అంటే ముప్పై అడుగులు. పద్దెనిమిది రీళ్ల సినిమాలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తినేవాటిలో ఈ ముప్పై అడుగులు ముందుంటాయి. తెగితే కోసి, గీకి, సిమెంటు రాసి అతికించాలి. అతికించిన ప్రతిసారీ ఒకటో రెండో ఫ్రేములు పోతాయి. ఊరూరూ తిరిగి మా ఊరి దాకా వచ్చేసరికి ఆ బాజాలో ఎన్ని స్వరాలు మిగిలి ఉంటాయో లెక్కేసుకోండి. నేను విన్న ఆ దూకుడు అదే. ఎక్కడో ఏదో ఊళ్లో తెగిన చోటు.

ఆవాజ్ వణుకుడికీ జవాబు చెప్పాడు మామూ. పాత ఫిలింలో ఆవాజ్ కూడా బొమ్మలాగే అచ్చై ఉంటుంది, పక్కన సన్నటి చారలాగ. దాని గుండా చిన్న బల్బు రోష్నీ పడుతుంది, అవతల ఒక ఫొటోసెల్ దాన్ని పట్టి కరెంటుగా మారుస్తుంది, అది స్పీకర్లోకి పోతుంది. చార మీద గీత పడితే ఆ గీత కూడా వినిపిస్తుంది. దుమ్ము కూడా వినిపిస్తుంది. నా పెనం చిటపట అదన్నమాట. మేం వింటున్నది సంగీతాన్నొక్కదాన్నే కాదు, దాని మీద నడిచిన ఊళ్లన్నిటినీ.

పైగా ఈ బొమ్మను కంపెనీ ఒక్కసారే తీసి పెట్టుకుంటుంది. ప్రతి కొత్త సినిమాకూ అందులోంచే నకలు తీస్తారు, నకలుకు నకలు తీస్తారు. అందుకే సినిమా తళతళలాడుతున్నా ముందొచ్చే బొమ్మ మసగ్గా, పాతగా, ఇంకేదో జమానా నుంచి వచ్చినట్టు ఉంటుంది. టీవీలో అయితే ఇంకో తమాషా. సెకనుకు 24 ఫ్రేములకు తీసిన సినిమాను మన టీవీ పద్ధతికి 25 ఫ్రేములకు నడిపేవాళ్లు. ఆవాజ్ దాదాపు 4 శాతం పైకి ఎక్కేది. ఎక్కడా తప్పు పట్టలేం, కానీ ఎరిగిన గొంతు ఎరగని గొంతులా అనిపిస్తుంది. ఆ టీవీ తాలూకు బొమ్మ మాత్రం తక్కువదా? రెండు వంపులు గిరగిర తిరిగి కన్నుగా మారే దూరదర్శన్ గుర్తు 1976 ఏప్రిల్ 1 నుంచి మొదలైంది. పండిట్ రవిశంకర్, షెహనాయ్ ఉస్తాద్ అలీ అహ్మద్ హుసేన్ ఖాన్ కలిసి చేసిన బాణీ అది. షెహనాయ్ పెళ్లి బాజానే, కానీ అది వింటే పెళ్లి గుర్తొచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు.

సరే, మామూ చెప్పింది అంతా నిజమే. ఆ జవాబులతో నా ఖౌఫ్ పోవాలి కదా? పోలేదు. ఎందుకు పోలేదా అని ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది.

ఆ బొమ్మలన్నీ ఒక దావా చేస్తుంటాయి. మేం ఉన్నాం, ఉంటాం, మా జెండా ఎగురుతూనే ఉంటుంది అని. కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్లు ఏనుగును పెట్టుకున్నారు. విజయా వాళ్లు హనుమంతుడున్న జెండా ఎగరేశారు. పెట్టుకునేదే రాతిలా, లోహంలా, దేవతలా, వందేళ్లు నిలిచేలా ఉండాలని పెట్టుకుంటారు. ఆ దావా చేస్తున్న ఫిలిం ముక్క మాత్రం మన కళ్లముందే చిరిగిపోతూ, గీతలు పడుతూ, దగ్గుతూ ఉంటుంది. నేను చిరంజీవిని అని చెప్పే గొంతే వణికితే ఎలా ఉంటుంది? భయం అక్కడుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆర్కే ఫిలింస్ సంగతే చూడండి. సినిమా మొదలయ్యే ముందు పృథ్వీరాజ్ కపూర్ శివలింగం ముందు కూర్చుని పూజ చేస్తాడు. 1972లో ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత వచ్చిన ఆర్కే సినిమాల్లోనూ ఆ పూజ ఆగలేదు. ఆ వెంటనే వచ్చే గుర్తు 1949 నాటి 'బర్సాత్'లోది. ఒక చేతిలో వయొలిన్, ఇంకో చేతి మీద వాలిన నర్గీస్. ఆ ఇద్దరి జోడీ 'జాగ్తే రహో'తో 1956లోనే ముగిసింది. నర్గీస్ ఇంకో ఇంటి కోడలైంది, 1981లో పోయింది. రాజ్ కపూర్ 1988లో పోయాడు. గుర్తులో మాత్రం ఆమె ఆ చేతి మీద అలా వాలే ఉంది. 2017లో చెంబూరు స్టూడియోలో మంటలు లేచాయి, 2019లో ఆ స్థలం ఇళ్లు కట్టే కంపెనీకి అమ్ముడుపోయింది. పాత సినిమా పెట్టండి, పూజ జరుగుతూనే ఉంటుంది.

వాసన్ గారు 1969లో పోయారు. జెమినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మద్రాసువాళ్లకు మిగిలింది ఒక ఫ్లైఓవర్ పేరు. 1973లో కట్టిన ఆ వంతెనకు సర్కారు అన్నా పేరు పెట్టినా జనం ఇప్పటికీ జెమినీ ఫ్లైఓవరే అంటారు. ప్రభాత్ 1953లో మూతపడింది, ఆ ఆవరణలో ఇప్పుడు పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది. వడపళనిలో విజయా వాహినీ నేల మీద ఆసుపత్రి ఉంది, షాపింగ్ మాల్ ఉంది. జెండా ఎగరేసిన ఇల్లు లేదు, జెండా ఉంది. ఎన్టీఆర్ 1996లో వెళ్లిపోయాక కూడా ఎన్నో కొత్త సినిమాలకు ఆయన శంఖం ఊది దర్వాజా తీశారు. ఇల్లు కూలిపోయాక కూడా దర్బాన్ సలాం కొడుతూ నిలబడితే ఎలా ఉంటుంది? ఆ కొట్టే సలాం మనకే అయితే?

ఇక్కడ ఒక మాట అడుగుతారని తెలుసు. ఇంతమంది దేవుళ్ల గుమ్మాలు దాటుకుని సినిమాలోకి పోవడం ముసల్మాను ఇంటి పిల్లాడికి ఎలా ఉండేది అని. ఆ రకం భయం మాత్రం ఎప్పుడూ లేదు. హనుమంతుడి జెండా వస్తే మంచి సినిమా అని గుర్తు, అంతే. 'మాయాబజార్' ఆ జెండా కిందే కదా చూశాం. అమ్మీ కూడా ఆ జెండా కనబడగానే కుదురుగా సర్దుకుని కూర్చునేది. డేరా హాల్లో ఆట మొదలయ్యే ముందు ఘంటసాల భక్తి పాట రికార్డు వేసేవాళ్లు, అది విని టికెట్టుకు పరిగెత్తడం మా సందులో అందరికీ అలవాటుగా ఉండేది. దేహ్లీజ్ అన్నాక దానికి ఒక మర్యాద ఉంటుంది. నవాబుల జమానాలో దర్బారు గుమ్మం మీద నౌబత్ మోగేది. హైదరాబాదులో నౌబత్ పహాడ్‌కి ఆ పేరు అందుకే. నౌబత్ మోగాక లోపలికి పోయేవాడు చెప్పులు విడుస్తాడు, తలపాగా సర్దుకుంటాడు, గొంతు తగ్గిస్తాడు. కంపెనీ బొమ్మ సినిమాకు నౌబత్. నౌబత్ వింటే కొంచెం గుండె దడదడలాడటం న్యాయమే.

ఇన్ని బొమ్మల్లోనూ ఒక్కటి వేరేగా ఉండేది. మెహబూబ్ ప్రొడక్షన్స్ వాళ్లది. పర్దా మీద సుత్తీ కొడవలీ, మధ్యలో ఎం అక్షరం. మొదటిసారి చూసినప్పుడు అది ఎలక్షన్ ప్రచారమనుకున్నాను. మా ఊరి గోడల మీద కంకి కొడవలి ఒక పార్టీ వాళ్లది, సుత్తి కొడవలి నక్షత్రం ఇంకో పార్టీ వాళ్లది. వీళ్లు మూడో పార్టీ అయ్యుంటారని మా అన్న తేల్చేశాడు. అంతలో ఆ సుత్తీ కొడవలి మీద ఒక గంభీరమైన మగ గొంతు ఉర్దూ షేర్ చదివింది. పగవాడి కోరికల కన్నా ఖుదా మర్జీ పెద్దది అనే భావం. ఈ కంపెనీ బూర ఊదలేదు, శంఖం పూరించలేదు. మనిషి గొంతుతో, మా ఇంట్లో మాట్లాడే జబాన్‌లో మాట్లాడింది.

గోడవతల నానీ ఆ గొంతు కోసమే కాచుకున్నట్టు ఉండేది. 'మదర్ ఇండియా' మా ఊరికి ఎన్నిసార్లు మళ్లీ వచ్చిందో లెక్కలేదు. వచ్చినప్పుడల్లా నానీ తలమీద ముసుగు సర్దుకుని, షేర్ అయిపోగానే తస్బీ ఆపి, "బేషక్" అనేది. అది సినిమా మాట అని ఆమెకు తెలుసు. తెలిసే అనేది. మామూ ఆటపట్టిస్తే, "మాట ఎవరి నోటినుంచి వస్తే ఏంట్రా, మాట సహీయా కాదా చూడు" అనేది.

సుత్తి కొడవలి ఏమంటుంది? నీ చేతులతో దునియాను మార్చుకో అంటుంది. షేర్ ఏమంటుంది? ఆఖరి మాట నీది కాదు అంటుంది. ఈ రెంటినీ ఒకే చోట పెట్టడం ఏంటని చదువుకున్నవాళ్లు నవ్వారు. గుజరాత్‌లో బిలిమోరా దగ్గరి పల్లె నుంచి బొంబాయికి వచ్చి, పెద్దగా చదువు లేకుండా, ఇంపీరియల్ కంపెనీలో గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాగా మొదలుపెట్టినవాడు మెహబూబ్ ఖాన్. మెహనత్ చేస్తేనే గానీ పూట గడవదు, ఎంత మెహనత్ చేసినా వాన పడుతుందో లేదో మన చేతిలో లేదు. ఈ రెండూ పేదోడికి ఒకేసారి తెలిసే సంగతులు. మా సందులో బీడీలు చుట్టేవాళ్లకూ, చక్కీ ఆడించేవాళ్లకూ ఇందులో తిరకాసేమీ కనబడలేదు.

'మదర్ ఇండియా' 1957లో వచ్చింది. అమెరికావాళ్ల ఆస్కార్‌కు పంపే ప్రింటును బాగా కురచ చేశారు, పనిలో పనిగా ఆ సుత్తీ కొడవలి బొమ్మను కూడా తీసేశారు. ఆ సినిమా అక్కడ విదేశీ చిత్రాల నామినేషన్ల దాకా వెళ్లింది. మిగతా కంపెనీల బొమ్మలను కాలం కోసింది, దీన్ని మాత్రం మనుషులే కత్తెర పెట్టి కోశారు. 1964 మే 27న నెహ్రూ పోయారు. మర్నాడు మెహబూబ్ పోయాడు. నేను చూసేనాటికి ఆయన పోయి చాలా ఏళ్లైంది. అయినా ఆ బొమ్మ నన్ను మిగతావాటిలా భయపెట్టలేదు. ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. మిగతావన్నీ మేం ఉంటాం అంటాయి. ఇదొక్కటి ఆ దావా చేయలేదు. ఉండేదీ లేనిదీ ఖుదా మర్జీ అని గుమ్మంలోనే చెప్పేసింది. ఫనా సంగతి ముందే ఒప్పుకున్నదాని గొంతు ఎంత వణికినా, మీద ఎన్ని గీతలు పడినా అబద్ధంలా అనిపించదు.

2010 దాటాక హాళ్లలో ఫిలిం ప్రొజెక్టర్లు పోయి డిజిటల్ పెట్టెలు వచ్చాయి. రీలు దూర్చే పని లేదు, కార్బన్ కడ్డీలు వెలిగించే పని లేదు. మామూను రేపటినుంచి రావద్దన్నారు. ముప్పై ఏళ్ల పనికి ఒక శాలువా కప్పారు. ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలైంది, మా ఖాలా మనవరాలి నిఖా అందులోనే జరిగింది. మామూ దావత్‌కి వచ్చాడు గానీ తినేదాకా బయట కుర్చీలోనే కూర్చున్నాడు. లోపల బిర్యానీ డేగ్చాలు పెట్టింది సరిగ్గా పర్దా ఉన్న చోట.

అతికించేటప్పుడు కోసి పారేసే ఫిలిం ముక్కల్ని మామూ పారేయకుండా డాల్డా డబ్బాలో వేసి పెట్టేవాడు. చిన్నప్పుడు మేం వాటితో గాజుబల్బులో నీళ్లు పోసి గోడ మీద బొమ్మలు ఆడించుకునేవాళ్లం. మొన్న పోయినప్పుడు ఆ డబ్బా తీసి చూపించాడు. చాలా ముక్కలు ఫస్ట్ రీలువే. కొన్ని వంకరపోయి పులిసిన వాసన వేస్తున్నాయి. కిటికీ వెలుగుకు పెట్టి చూస్తే జెండా అంచు ఒకటి, బూర పట్టిన చిన్న చెయ్యి ఒకటి, ఒక శంఖం.

మనకు పాతవాటి మీద హిఫాజత్ తక్కువ. 1931లో వచ్చిన మొట్టమొదటి టాకీ 'ఆలం ఆరా' ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. మన దేశంలో మొదటి మాట్లాడే సినిమా ఏ ఆవాజ్‌తో షురూ అయిందో వినాలన్నా వినలేం. మిగిలినవాటిని టీవీవాళ్లూ ఇంటర్నెట్‌వాళ్లూ ఎక్కించేటప్పుడు మొదటి వేటు ఈ ముప్పై అడుగుల మీదే వేస్తున్నారు. గీతలు ఉన్నాయని తీసేస్తారు, లేదంటే పైన తమ గుర్తు అతికిస్తారు. మరోపక్క కొత్త సినిమాలకు నాలుగేసి కంపెనీల బొమ్మలు వరసగా వస్తున్నాయి. బంగారం కరిగి పోసినట్టు, నిప్పురవ్వలు చిమ్మినట్టు, నేల అదిరే ఆవాజ్‌తో. ఒక్కటీ గుర్తుండదు. వాటికి వయసు లేదు, దెబ్బలు లేవు, ఏ ఊళ్లోనూ తెగి అతుక్కున్న చోటు లేదు.

పోయిన రంజాన్ సెలవుల్లో మా చిన్నదానికి ఫోనులో 'చంద్రలేఖ' చూపిద్దామని పెట్టాను, డోళ్ల మీద డాన్సు ఉంటుందని ఆశ పెట్టి. నా పుణ్యాన ఆ ప్రింటుకు ముందు బొమ్మ కోయలేదు. దాని వేలు అలవాటు కొద్దీ ముందుకు జరపడానికి పోయింది. ఆ బూర మొదలవగానే వేలు ఆగిపోయింది. ఇద్దరు పిల్లల్నీ అలాగే చూసింది. చూసి నా పక్కకు జరిగి, "అబ్బా, వీళ్లెవరు? ఎందుకు ఊదుతున్నారు?" అని అడిగింది.

"సినిమా షురూ అవుతోందని చెబుతున్నారు."

"మరి నాకు భయమేస్తోందేంటి?"

ఏం కాదులే అని చెప్పబోయి ఊరుకున్నాను. నా చొక్కా అంచు దాని పిడికిట్లో ఉంది. డోళ్లు వచ్చేదాకా వదల్లేదు.